వంద వోల్టుల దేశంలో అమ్మ యంత్రం, పిన్ని కెటిల్

అమ్మ రాత్రిపూట సీపాప్ యంత్రం పెట్టుకుని పడుకుంటుంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి సాగే జబ్బు ఉన్నవాళ్లకు మాస్కు గుండా కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపే యంత్రమది. ఒక్క రాత్రి అది లేకపోయినా మర్నాడంతా తలనొప్పి, కళ్ల మీద మగత. అందుకే జపాన్ వెళ్దామనుకున్నప్పుడు గుళ్లూ తోటలూ చూసుకోకముందే అక్కడి గోడల్లో ఎలాంటి కరెంటు వస్తుందో చూసుకున్నాను. ఇళ్లకు వచ్చేది 100 వోల్టులు. మనకు 230. పైగా కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో చెప్పే హెర్ట్జుల లెక్క దేశానికి తూర్పు సగంలో 50, పడమటి సగంలో 60.

అమ్మ యంత్రం అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో ‘ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 50–60 హెర్ట్జులు’ అని చదివాక గుండె కుదుటపడింది. ఆ వరుస ఉన్న పరికరం ప్రపంచంలో దాదాపు ఏ గోడ దగ్గరైనా పనిచేస్తుంది. వచ్చే కరెంటును అది ముందు ఏకముఖ విద్యుత్తుగా మార్చుకుని, తనకు కావలసిన వోల్టేజీని తానే తయారు చేసుకుంటుంది కాబట్టి హెర్ట్జులతో దానికి పని లేదు. ఫోను ఛార్జరూ, కెమెరా ఛార్జరూ అలాంటివే. మాతో వచ్చిన పిన్ని సామాను సంగతి వేరు. కెటిల్, హెయిర్ డ్రయ్యర్, మోకాళ్లకు వేసుకునే కరెంటు కాపడం పట్టీ. మూడింటి మీదా 230 అనే ఒక్క అంకె మాత్రమే ఉంది. ‘ప్లగ్గు దూరితే చాలదా అమ్మాయ్, కరెంటు ఎక్కడైనా కరెంటే కదా’ అంది పిన్ని.

నవంబరు 6, టోక్యో

అసకుసాలో గది. గోడలో సాకెట్ అంటే నిలువుగా రెండు సన్నని చీలికలు, అంతే. మూడో రంధ్రం లేదు. ఎర్త్ కావలసిన చోట, అంటే వాషింగ్ మెషీన్ దగ్గరో వంటింట్లోనో, సాకెట్ పక్కనే ఒక చిన్న మూత, దాని కింద ఒక స్క్రూ ఉంటాయి. పరికరంతో వచ్చే ఆకుపచ్చ తీగను ఆ స్క్రూకు బిగిస్తారు. పడక గదుల్లో అదీ కనబడలేదు.

పిన్నికి తన పాత్రలో కాగిన నీళ్లే తాగే అలవాటు. గదిలో హోటలువాళ్ల కెటిల్ ఉన్నా, ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టర్ తగిలించి తనదే పెట్టింది. ఎర్ర దీపం వెలిగింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ జరగలేదు. పాడైపోయిందేమోనని పిన్ని ముఖం చిన్నబోయింది. పాడవలేదు. దాని అడుగున 1500 వాట్లు అని ఉంది, అది 230 వోల్టుల దగ్గర మాట. లోపలి తీగ నిరోధం అలాగే ఉంటుంది కాబట్టి, వోల్టేజీ తగ్గితే వేడి దాని వర్గం లెక్కన పడిపోతుంది. వంద వోల్టుల దగ్గర మిగిలేది 280 వాట్లు, ఐదో వంతు కూడా కాదు. ఇంట్లో రెండు నిమిషాల్లో మరిగే అర లీటరు నీళ్లకు ఇక్కడ పది నిమిషాలు దాటింది. డ్రయ్యర్ నుంచి నులివెచ్చని గాలి వచ్చింది. కాపడం పట్టీ వేడెక్కిందో లేదో చెయ్యి పెట్టి వెతుక్కోవలసి వచ్చింది.

ఎక్కువ వోల్టేజీకి చేసిన వేడి పరికరాన్ని తక్కువ వోల్టేజీకి తగిలిస్తే ప్రమాదమేమీ ఉండదు, పని జరగదంతే. దీనికి తలకిందులైన పరిస్థితి ఎంత ప్రమాదమో మర్నాడు తెలిసింది.

నవంబరు 7, టోక్యో, అకిహబారా

అమ్మ యంత్రానికి ఆ రాత్రి ప్లగ్గు అడాప్టర్‌తోనే గడిచింది. కానీ ఆ అడాప్టర్ సాకెట్‌లో వదులుగా నిలబడింది. మన ప్లగ్గు బరువుకు ముందుకు వాలిపోయి, రాత్రి ఎవరి కాలైనా తగిలితే ఊడిపోయేలా ఉంది. ఊపిరికి సంబంధించిన వస్తువును అలా వేలాడదీయడం నాకు ఇష్టం లేదు. అందుకే పొద్దున్నే అకిహబారా వెళ్లాం.

స్టేషన్లో జనం వెంట నడిచి షోవా వీధి వైపు బయటపడ్డాం. విద్యుత్ సామాన్ల వీధి రైలు పట్టాలకు అవతలి వైపు. చుట్టూ తిరిగి వచ్చేసరికి అమ్మ మోకాళ్లు పట్టేశాయి, ఒక దుకాణం మెట్టు మీద కూర్చోబెట్టాను. వంతెన కింద బారెడు వెడల్పు కొట్లు వరసగా ఉన్నాయి. ఒక దాంట్లో స్విచ్చులే, ఒక దాంట్లో తీగలే, మరో దాంట్లో చిన్న చిన్న బల్బులు. తీగల కొట్టు పెద్దాయనకు అమ్మ యంత్రం ఫొటో చూపించాను. యంత్రం అడాప్టర్‌లోకి దూరే తీగ చివర ఎనిమిది అంకెలా ఉంటుంది. ఆయన రెండు చేతుల వేళ్లూ సున్నాలు చుట్టి కళ్ల ముందు కళ్లజోడులా పెట్టుకుని ‘ఇదేనా?’ అన్నట్టు చూశాడు. అమ్మ ఫక్కున నవ్వింది. ఒక చివర ఆ కళ్లజోడు, రెండో చివర జపాన్ ప్లగ్గు ఉన్న రెండు మీటర్ల తీగ 480 యెన్లు. ఇక మధ్యలో ప్లగ్గు అడాప్టర్ అక్కర్లేదు.

తెలుసుకోవలసిన విషయం ఇదే అనిపిస్తుంది నాకు. తీగ విడిగా ఊడివచ్చే పరికరాలకు గోడ వైపు తీగ ఒక్కటి ఆ దేశానిది కొనుక్కుంటే సరిపోతుంది. యంత్రం వైపు ఆకారం ప్రపంచమంతా ఒకటే. ఎర్త్ లేకపోతే ఎలా అని అమ్మ అడిగింది. యంత్రం అడాప్టర్ మీద ఒక చదరంలో ఇంకో చదరం ఉన్న గుర్తు చూపించాను. లోపల రెండు పొరల రక్షణ ఉంది, ఎర్త్ అవసరం లేదు అని దాని అర్థం. ఆ గుర్తు లేని మూడు కాళ్ల పరికరానికి ఎర్త్ పిన్ను విరగ్గొట్టి తగిలించే పని ఎవరూ చేయకూడదు.

పిన్ని కెటిల్ కోసం వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుందా అని కూడా అడిగాం. 1500 వాట్లు మోయగలది ఇనుప దిమ్మలా ఉంది. ఐదు కిలోల పైమాటే. అది కొన్నా, మామూలు జపాన్ సాకెట్ ఇవ్వగలిగింది 15 ఆంపియర్లు, అంటే సరిగ్గా 1500 వాట్లు. గోడను దాని హద్దు మీద నిలబెట్టి నీళ్లు కాచుకోవాలి. అరచేతిలో ఇమిడే తేలికపాటి కన్వర్టర్లు కొన్ని అమ్ముతుంటారు. వాటిలో చాలా రకాలు కరెంటు తరంగాన్ని ముక్కలు చేసి ఇస్తాయి, వేడి తీగలకు తప్ప దేనికీ పనికిరావు. అమ్మ యంత్రంలాంటి వాటిని వాటి దరిదాపులకు తీసుకురాకూడదు.

పక్క వీధిలో రైస్ కుక్కర్ల అంతస్తు ఉంది. స్విచ్చు నొక్కితే అన్నం ఉడికాక తనంతట తాను ఆగిపోయే కుక్కర్‌ను మొదట అమ్మకానికి తెచ్చింది జపాన్‌లోనే, 1955లో తోషిబా. అది తెలిసినప్పటి నుంచి ఒకటి కొనాలని పిన్ని కోరిక. నల్లగా మెరుస్తున్న ఒకదాని మీద చెయ్యి వేసేసరికి దుకాణం అమ్మాయి పరుగున వచ్చి ‘మీ దేశంలో ఎంత వోల్టేజీ?’ అని ఫోనులో అనువాదం చూపించింది. 230 అనగానే రెండు చేతులూ అడ్డంగా కత్తెర వేసింది. వంద వోల్టుల కుక్కర్‌ను 230కి తగిలిస్తే ఐదు రెట్లకు పైగా వేడి పుడుతుంది. కెటిల్ చల్లబడిన లెక్కే తిరగబడి ఇక్కడ తీగ మాడిపోతుంది. విదేశాలకు తీసుకెళ్లేవాళ్ల కోసం 220–230 వోల్టుల మోడళ్లు వేరే మూల ఉంటాయని చూపించింది. అవి తక్కువ రకాలు, ఎక్కువ ధర. ఒసాకాలో కూడా దొరుకుతాయి, దారంతా మోయవద్దు అని తన బేరం తానే వదులుకుంది.

మధ్యాహ్నం లోపల ఉప్పు రేగు ముద్ద పెట్టిన ఒనిగిరీలు అనే అన్నపు ఉండలు తిన్నాం, ఒక్కోటి 160 యెన్లు. పట్టుకుపోతే పన్ను 8 శాతం, అక్కడే కూర్చుని తింటే 10.

నవంబరు 8, నాగానో

జెన్‌కోజి ఆలయం చుట్టూ యాత్రికులకు బస ఇచ్చే చిన్న ఆలయాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక దాంట్లో దిగాం. తలకు 12 వేల యెన్లు, రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం కలిపి. చాప గది, నేల మీద పరుపులు. ఇక్కడ నిబంధనల కాగితం మీద మొదటి వరసల్లోనే, వేడి చేసే పరికరాలు బయటి నుంచి తెచ్చి గదిలో వాడవద్దని ఉంది. కర్ర, కాగితం, గడ్డి చాపలతో కట్టిన ఇల్లది, ఆ భయం ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. పిన్ని కాపడం పట్టీ సంచిలోనే ఉండిపోయింది. అమ్మ యంత్రం సంగతి ముందే చెప్పాలని, కింద ఉన్న గృహిణికి ఫొటోతో సహా వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని, సాకెట్ ఉన్న గోడ వైపుకు అమ్మ పరుపు తనే జరిపింది. యంత్రం తల కంటే ఎత్తులో ఉండకూడదు, గొట్టంలో చేరిన నీరు మాస్కులోకి జారుతుంది. చాప మీద కింద పెట్టడానికి నున్నని చెక్క పళ్లెం తెచ్చి ఇచ్చింది.

గది మధ్యలో కొతాత్సు. పొట్టి బల్ల కింద చిన్న విద్యుత్ హీటర్, పైన బొంత. కాళ్లు లోపల పెట్టగానే అమ్మ కళ్లు మూసుకుంది. కాపడం పట్టీ ఊసు ఎవరూ ఎత్తలేదు.

భోజనం సన్యాసుల పద్ధతిలో, మాంసం చేపలు లేకుండా. నువ్వుల తోఫు, కొండ కూరలు, సోబా నూడుల్స్. టోక్యోలో ప్రతి పులుసులోనూ చేప రసం ఉంటుందన్న భయంతో తిన్న మాకు, అడగకుండా తినగలిగిన మొదటి భోజనం ఇది. వీధిలో ఒయాకి అని ఆకుకూర కూరిన పిండి రొట్టెలు కూడా దొరుకుతాయి, 250 యెన్లు.

మర్నాడు చీకటితోనే ప్రార్థన. తర్వాత ప్రధాన మందిరం కింద ఉన్న నేలమాళిగలోకి దిగాం. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. కుడి చేతితో గోడ తడుముతూ నడిచి, ఒక చోట తాళం చేతికి తగిలితే పుణ్యమని నమ్మకం. వెనక ఉన్న ముసలాయన అమ్మ మోచేయి మెల్లిగా పట్టుకుని తాళం ఉన్న చోటికి తీసుకెళ్లాడు. ముఖం చూడలేదు.

నవంబరు 9, కనజావా దారిలో

టోక్యో నుంచి వచ్చే హొకురికు షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు దారిలో కరెంటు మూడు సార్లు మారుతుంది. కరూయిజావా దాటాక 50 నుంచి 60 హెర్ట్జులకు, జోయెత్సు మ్యోకో దగ్గర మళ్లీ 50కి, ఇతోయిగావా దగ్గర మళ్లీ 60కి. మొదటిది నిన్ననే దాటేశాం. రెండూ మూడూ ఈ రోజు. సీటు కింది సాకెట్‌లో ఫోను పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. రైలు ఊగలేదు, దీపం మిణుకుమనలేదు. ఇవి రెండింటికీ తట్టుకునేలా కట్టిన రైళ్లు.

పక్క సీటులో పదవీ విరమణ చేసిన ఒకాయన. ఇంగ్లీషు బాగా వచ్చు. యౌవనంలో యొకొహామా నుంచి నాగోయాకు బదిలీ అయినప్పుడు గ్రామఫోను మోటారు కప్పీ మార్పించుకున్నానని చెప్పాడు. 50కి చేసిన మోటారు 60 మీద వేగంగా తిరిగి పాట కీచుమంటుంది. కరెంటుతో నడిచే గోడ గడియారమైతే గంటకు 12 నిమిషాలు ముందుకు పోతుంది. ఇప్పుడు అమ్మే చాలా సామాను రెండింటికీ పనికొచ్చేదే, అయినా పాత మైక్రోవేవ్ కొనేటప్పుడు వెనక అంకె చూసే కొంటానన్నాడు.

ఒకే దేశంలో ఈ చీలిక ఎందుకని అడిగాను. 1890లలో టోక్యో విద్యుత్ సంస్థ జర్మనీలోని ఏఈజీ నుంచి 50 హెర్ట్జుల జనరేటర్లు తెచ్చుకుంది, ఒసాకా సంస్థ అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ నుంచి 60 హెర్ట్జులవి. రెండూ విస్తరించుకుంటూ వచ్చి మధ్యలో కలిశాయి. 2011 మార్చి భూకంపం తర్వాత తూర్పున వంతులవారీ కోతలు పెట్టినప్పుడు పడమట కరెంటు ఉండి కూడా పంపలేకపోయారు. రెండు వైపులా మార్చి పంపే కేంద్రాల సామర్థ్యం అప్పటికి దాదాపు 1000 మెగావాట్లే. 2021లో ఇంకొకటి చేర్చి 2100కు పెంచారు. ఆయన కూతురు ఆ కోతల్లో టోక్యోలోనే ఉందట. అమ్మ మాస్కు గురించి విని, ‘ఆ రోజుల్లో ఇలాంటి యంత్రాలున్నవాళ్లు ఎంత భయపడ్డారో’ అన్నాడు. నాకు అది తట్టనే లేదు. ఇంటికి రాగానే అమ్మ యంత్రానికి బ్యాటరీ కొనాలని అక్కడే రాసుకున్నాను.

నవంబరు 10, కనజావా

ఊరంతా చుట్టే బస్సుకు కుడి వలయం, ఎడమ వలయం అని రెండు దారులున్నాయి. మేము ఎక్కింది కెన్‌రోకుఎన్ తోటకు దూరపు దారిలో వెళ్లేది. అమ్మ కిటికీ సీటులో హాయిగా కూర్చుంది కాబట్టి వెంటనే దిగలేదు. దారిలో మందుల దుకాణం కనబడితే దిగి శుద్ధజలం కొన్నాం. యంత్రంలో తేమ కోసం పోసే నీళ్లు ఖనిజాలు లేనివి కావాలి. అర లీటరు సీసా నూరు యెన్ల పైచిలుకు. ఇంటి నుంచి మోసుకురావలసిన పనే లేదు.

కెన్‌రోకుఎన్ తోట, మేము వెళ్లినప్పుడు ప్రవేశం 320 యెన్లు. మంచు బరువుకు కొమ్మలు విరగకుండా పైన్ చెట్లకు గొడుగు పుల్లల్లా తాళ్లు కడుతున్నారు. కిందుగా ఒక ఫౌంటెన్ ఉంది. 1861 నాటిది, పై చెరువు నీటి ఒత్తిడితో మోటారు లేకుండా ఎగురుతుంది. పిన్ని అక్కడే చాలాసేపు నిలబడింది.

సాయంత్రం టీ దుకాణంలో నా ఫోను చచ్చిపోయింది. బల్ల పక్కనే సాకెట్ ఉంది. పెట్టబోతుంటే అమ్మ ఆపి, అడిగి పెట్టమంది. అడగడమే మంచిదైంది, అది ఊడ్చే యంత్రం కోసమట. వేరే బల్లకు మార్చి అక్కడ పెట్టుకోమన్నారు. జపాన్ శిక్షాస్మృతి 245వ నిబంధన దొంగతనం విషయంలో విద్యుత్తును కూడా సొత్తుగానే లెక్కిస్తుంది. స్టేషన్లలో చాలా సాకెట్ల మీద వాడవద్దని కాగితాలు అంటించి ఉంటాయి.

నవంబరు 11, క్యోటో

పాత చెక్క ఇల్లు అద్దెకు తీసుకున్నాం. రాత్రి భోజనానికి నాన్‌జెన్‌జి దగ్గర వేడినీళ్లలో తేలే తోఫు. తిరిగొచ్చాక పిన్ని ఇంటివాళ్ల డ్రయ్యర్ పెట్టుకుంది, అదే గోడకు ఒక హీటర్ నడుస్తోంది. టప్‌మని సగం ఇల్లు చీకటైంది.

తక్కువ వోల్టేజీకి చెల్లించే మూల్యం ఇక్కడ కనబడింది. 1200 వాట్ల డ్రయ్యర్ మన ఇంట్లో ఐదు ఆంపియర్ల పైన తీసుకుంటే, వంద వోల్టుల ఇంట్లో 12 తీసుకుంటుంది. హీటర్ ఇంకో పది. ఆ గదుల లైను బ్రేకర్ 20కే. పక్కింట్లో ఉండే యజమానురాలు టార్చి పట్టుకుని, ఏప్రాన్‌తోనే వచ్చింది. తలుపు పైనున్న పెట్టె తెరిచి, ఏ మీట ఏ గదిదో అమ్మకు ఒక్కొక్కటీ చూపించింది. చిన్నపిల్లకు చెప్పినంత ఓపికగా. యంత్రం విషయం చెప్పగానే ముఖం మారింది. రాత్రి బ్రేకర్ పడితే యంత్రం ఆగిపోతుందని తనకే తట్టింది. ఎయిర్ కండిషనర్ లైను వేరు, గది దానితో వెచ్చబెట్టుకోండి అని హీటర్ తీసుకుపోయింది. పావుగంటకు తిరిగొచ్చి, గుడ్డ సంచిలో చుట్టిన వేడినీళ్ల సీసాలు రెండు పరుపుల్లో పెట్టింది. తెల్లవారేదాకా వేడి తగ్గలేదు.

ఆ రాత్రి అమ్మ నిద్ర చాలా బాగుంది. యంత్రం తెర మీద ప్రతి ఉదయం ఎన్ని గంటలు నడిచిందో కనబడుతుంది, దాన్ని చూడనిదే నేను పళ్లు తోముకునేదాన్ని కాదు.

నవంబరు 13, ఒసాకా

నిప్పొన్‌బాషిలో విద్యుత్ సామాన్ల వీధి. కాల్చిన చిలగడదుంప కొనుక్కుని, 300 యెన్లు, తింటూ నడిచాం. విదేశీ మోడళ్ల దుకాణంలో పిన్ని ధర అడగలేదు, ముందు కుక్కర్‌ను తిరగేసి అడుగు చూసింది. 220–230 వోల్టులు, 50/60 హెర్ట్జులు. పెట్టె మీద ఒకటి ఉండి లోపల వేరేది ఉంటే ఎలా అని సీలు తీయించింది. కుర్రవాడు విసుక్కోలేదు. తీసి చూపించి, ప్లగ్గు గుండ్రని కాళ్లదేనని చేతిలో పెట్టి, మళ్లీ అంతే నేర్పుగా అంటించాడు. దేశీయ మోడల్ కొని ఇంట్లో వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే చవక పడదా అని నేను అడిగాను. ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఈ కుక్కర్ కంటే బరువు, ఎవరైనా మరిచిపోయి నేరుగా గోడకు తగిలిస్తే అదే చివరి అన్నం అన్నాడు.

పన్ను లేకుండా 27 వేల యెన్లు. పాస్‌పోర్టులు చూపిస్తే 10 శాతం పన్ను తీసేశారు. చెల్లించే ముందు అతను ఒక కాగితం తెచ్చి, మరమ్మతు కేంద్రాలున్న దేశాల జాబితాలో మన దేశం లేదని వేలు పెట్టి చూపించాడు. పాడైతే ఇక్కడికి తేవలసిందే. పిన్ని అమ్మ వైపు చూసింది. అమ్మ ‘నీ ఇష్టమే’ అంది. కొన్నాం.